అనాథ చేతికి అన్నంతో పాటు అక్షరం

ఆదివారం ఆరాధన ముగిసింది. సంఘంలోని ఒక కుటుంబం తమ బాబు పుట్టినరోజు సందర్భంగా ఊరి చివర ఉన్న పిల్లల ఆశ్రమానికి బయలుదేరింది. ఆటోలో బిర్యానీ పొట్లాలు, ఒక కేకు, నాలుగు డజన్ల అరటిపళ్లు. పిల్లలు వరుసగా కూర్చున్నారు. పాట పాడారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. కేకు కోశారు. అందరూ కలిసి ఫొటో దిగారు. మూడు గంటలకల్లా ఎవరింటికి వారు చేరారు.

ఇది మనలో చాలామందికి తెలిసిన దృశ్యమే. ఇందులో తప్పేమీ లేదు. ఆ పూట ఆ పిల్లలు కడుపునిండా తిన్నారు. ఆకలిగొన్నవానికి పెట్టిన అన్నాన్ని ప్రభువు మరచిపోడు. అయితే మర్నాడు సోమవారం. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి లెక్కల నోటుపుస్తకం అయిపోయింది. పదో తరగతి అబ్బాయి పరీక్ష ఫీజు గడువు శుక్రవారంతో ముగుస్తుంది. ఇంటర్ రాసిన పెద్దమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి. ఇక ఆశ్రమం విడిచి వెళ్లాలి. ఎక్కడికి వెళ్లాలో, ఏం చదవాలో చెప్పేవాళ్లు లేరు. ఆదివారం వెళ్లినవాళ్లం చాలామందిమే. మరి సోమవారం వెళ్లేదెవరు?

దేవుడు తనను తాను తండ్రిలేనివారికి తండ్రిగా పరిచయం చేసుకున్నాడు (కీర్తన 68:5). తండ్రి అనేవాడు ఏడాదికొకసారి వచ్చి కేకు కోసి వెళ్లేవాడు కాదు. ఫీజు గడువు గుర్తుపెట్టుకునేవాడు, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేవాడు, బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడే వరకు వెన్నంటి ఉండేవాడు. ఆ తండ్రి పిల్లలమని చెప్పుకునే మనం అనాథల కోసం ఇచ్చే కానుక కూడా అలాంటిదే కావాలి. చిన్నదైనా ఫరవాలేదు, నిలకడగా ఉండాలి. బిడ్డకు అన్నంతో పాటు అక్షరం అందించాలి. క్రైస్తవ చరిత్రలో ఈ సత్యాన్ని ముందుగా గ్రహించినవారి కథ ఒకటుంది. మూడు వందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక చిన్న పెట్టెలో పడిన నాణేలతో మొదలైన ఆ కథ మన తెలుగు నేలను కూడా తాకింది.

గోడకున్న పెట్టె

ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె జర్మనీలోని హాల్లె పట్టణం పక్కనే ఉన్న గ్లౌఖా అనే పేదపేటలో పాస్టరు. హాల్లె విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కూడా. వారానికొకసారి బీదలు ఆయన ఇంటి ముందు భిక్ష కోసం గుమికూడేవారు. రొట్టెలు పంచి పంపించెయ్యడం ఆయనకు నచ్చలేదు. వాళ్లను లోపలికి పిలిచి, పిల్లలను చిన్న చిన్న ప్రశ్నలు అడిగేవాడు. చాలామందికి అక్షరమ్ముక్క రాదని, దేవుని గురించి అసలేమీ తెలియదని గ్రహించి ఆయన మనసు కలత చెందింది. వాళ్లను బడికి పంపడానికి డబ్బులిచ్చి చూశాడు. డబ్బులైతే తీసుకున్నారు గాని పిల్లలు బడికి వెళ్లలేదు.

అప్పుడు తన ఇంట్లో ఒక చిన్న పెట్టె పెట్టించాడు. లోకంలో జీవనోపాధి కలిగి ఉండి, సహోదరుని లేమిని చూసి కూడా మనసు మూసుకునేవానిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుందని అడిగే వాక్యం (1 యోహాను 3:17) దాని మీద రాయించాడు. 1695లో ఒక స్త్రీ ఆ పెట్టెలో నాలుగు థాలర్ల పదహారు గ్రోషెన్లు వేసి వెళ్లింది. అదేమంత పెద్ద మొత్తం కాదు. కానీ ఫ్రాంకె దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది మంచి మూలధనం, దీనితో పేదపిల్లలకు బడి పెడతానని నిశ్చయించుకున్నాడు. ఆ రోజే రెండు థాలర్లతో పుస్తకాలు కొన్నాడు. చదువు చెప్పడానికి ఒక పేద విద్యార్థిని కుదిర్చాడు.

మొదటి ప్రయత్నం సజావుగా సాగలేదు. పుస్తకాలు పట్టుకెళ్లిన పిల్లల్లో చాలామంది మళ్లీ కనిపించలేదు. ఇంకొకరైతే ‘ఈ జనానికి ఎంత చేసినా ఇంతే’ అని పెట్టె మూసేసేవారు. ఫ్రాంకె మిగిలిన డబ్బుతో మళ్లీ పుస్తకాలు కొన్నాడు. ఈసారి పాఠం అయ్యాక పుస్తకాలు బడిలోనే పెట్టి వెళ్లాలని నియమం పెట్టాడు. పిల్లలను మానెయ్యలేదు, పద్ధతిని మార్చుకున్నాడు. దానం చేసేవారంతా నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

ఆ సంవత్సరమే మరో విశ్వాసి 500 థాలర్లు ఇచ్చాడు. దాని మీద వచ్చే వడ్డీతో ఒక అనాథను పోషించవచ్చని ఫ్రాంకె లెక్క వేశాడు. ఒక్కరి కోసం వెతికితే తల్లీదండ్రీ లేని నలుగురు తోబుట్టువులు దొరికారు. ఒకరిని ఉంచుకుని ముగ్గురిని పంపించడానికి ఆయనకు మనసొప్పలేదు. నలుగురినీ చేర్చుకున్నాడు. 1698లో అనాథ గృహానికి పునాదిరాయి పడింది. 1727లో ఫ్రాంకె ప్రభువునందు నిద్రించే నాటికి ఆ ప్రాంగణంలోని బడుల్లో 2,000 మందికి పైగా పిల్లలు చదువుకుంటున్నారు. పేదలకొక బడి, అనాథలకొక గృహం, ఉపాధ్యాయులకు శిక్షణ, మందుల దుకాణం, అచ్చుకూటం, ఇలా అది ఒక పట్టణంలా పెరిగింది.

హాల్లెలో తెలుగు అక్షరాలు

దీనికీ మనకూ ఏమిటి సంబంధం అనుకుంటున్నారా? 1706లో తరంగంబాడికి వచ్చిన తొలి ప్రొటెస్టెంటు మిషనరీ బర్తలోమియ జీగెన్‌బాల్గ్ హాల్లెలో ఫ్రాంకె దగ్గర చదివినవాడే. ఆయన తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ కూడా హాల్లెవాడే. షుల్జ్ మద్రాసులో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చు కాలేదు. అయితే ఆయన హాల్లెకు తిరిగి వెళ్లాక, 1746, 1747 సంవత్సరాల్లో కొన్ని చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకాలు ఆ పట్టణంలోనే అచ్చయ్యాయి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చరిత్రకారులు వాటినే చెబుతారు.

ఆలోచించండి. ఒక స్త్రీ పెట్టెలో వేసిన నాలుగు థాలర్లు ఎక్కడ, తెలుగు అక్షరం తొలిసారి అచ్చులోకి రావడం ఎక్కడ? ఆమె పేరు ఎవరికీ గుర్తులేదు. తెలుగు అనే భాష ఒకటుందని కూడా ఆమెకు తెలిసి ఉండదు. పేదపిల్లల చదువు కోసం మనం ఇచ్చేది ఎంత దూరం ప్రయాణిస్తుందో ఇచ్చే రోజున మనకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా లేదు. విత్తడమే మన పని.

కానుకలు వచ్చాయి, పిల్లలు రాలేదు

ఫ్రాంకె మరణించిన దాదాపు వందేళ్లకు అదే హాల్లెకు చదువుకోవడానికి ఒక కుర్రాడు వచ్చాడు. పేరు జార్జి ముల్లర్. 1805లో ప్రష్యాలో పుట్టాడు. చిన్ననాటి నుంచే అబద్ధాలు, దొంగతనం అలవాటయ్యాయి. పద్నాలుగేళ్ల వయసులో తల్లి మరణశయ్య మీద ఉంటే పేకాట ఆడుతూ కూర్చున్నాడు. హోటల్లో బిల్లు ఎగ్గొట్టి జైలుకు కూడా వెళ్లాడు. అలాంటివాణ్ని 1825లో హాల్లెలోని ఒక ఇంట్లో జరిగిన చిన్న ప్రార్థనకూటంలో ప్రభువు పట్టుకున్నాడు. మరుసటి ఏడాది, చేతిలో డబ్బులేని ముల్లర్‌కు రెండు నెలలపాటు ఉచితంగా తలదాచుకోవడానికి చోటు దొరికింది. ఆ చోటు మరేదో కాదు, పేద విద్యార్థుల కోసం ఫ్రాంకె అనాథ గృహంలో ఉంచిన గదులే.

1829లో ముల్లర్ ఇంగ్లండు చేరాడు. 1832లో బ్రిస్టల్ పట్టణంలో సేవకుడిగా స్థిరపడ్డాడు. కలరా ఆ ఊరిని ఊడ్చిపెట్టిన ఏడాది అది. దిక్కులేని పిల్లలు వీధుల్లో తిరుగుతుండేవారు. 1835లో ఫ్రాంకె జీవితచరిత్ర ఆయన చేతికి మళ్లీ వచ్చింది. చదివాక ఆయనకు నిద్రపట్టలేదు. ఒక అనాథ గృహం తెరవాలని ప్రార్థన మొదలుపెట్టాడు. తన అవసరాలను మనుషుల ముందు అడగకుండా దేవుని ముందే పెట్టాలన్నది ఆయన తీర్మానం.

కానుకలు రావడం మొదలైంది. ఒకరు ఒక షిల్లింగు ఇచ్చారు. ఒకరు బట్టల బీరువా పంపించారు. ఇంకొకరు పళ్లాలు, గిన్నెలు, మరొకరు బట్టలు ఇచ్చారు. ఇల్లు దొరికింది, పనివాళ్లు దొరికారు. 1836 ఫిబ్రవరి 3న పిల్లలను చేర్చుకోవడానికి దరఖాస్తులు తీసుకుంటామని ప్రకటించి ముల్లర్ గదిలో కూర్చున్నాడు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఒక్కరూ రాలేదు! అప్పుడు ఆయనకు తట్టింది. డబ్బు కోసం ప్రార్థించాడు, ఇంటి కోసం ప్రార్థించాడు, సామాను కోసం ప్రార్థించాడు గాని పిల్లలను పంపమని ప్రార్థించలేదు. ఆ సాయంకాలం మోకరించాడు. మర్నాడే మొదటి దరఖాస్తు వచ్చింది. ఏప్రిల్‌లో విల్సన్ వీధిలోని అద్దె ఇంట్లో ఆడపిల్లలతో గృహం మొదలైంది.

ఈ సంఘటన చదివి నవ్వుకుంటాం గాని, మన మాటేమిటి? భవనం కోసం చందాలు, శిలాఫలకం కోసం ఏర్పాట్లు, ప్రారంభోత్సవానికి అతిథులు, ఇవన్నీ చూసుకుంటాం. ఆ గోడల మధ్య ఉండబోయే బిడ్డ పేరు, తరగతి, భయాలు మన ప్రార్థనలో ఉన్నాయా?

కుట్టుపని చేసే అమ్మాయి

ఆ తొలి రోజుల్లోనే బ్రిస్టల్‌లో కుట్టుపని చేసుకుని బతికే ఒక పేద సోదరి 100 పౌండ్లు తెచ్చి ఇచ్చింది. వారానికి కొద్ది షిల్లింగులు మాత్రమే సంపాదించే మనిషి, పైగా అనారోగ్యం. వారసత్వంగా వచ్చిన కొద్దిపాటి సొమ్ములోంచి ఇస్తోంది. డబ్బు కోసం ప్రార్థిస్తున్న ముల్లర్ వెంటనే రసీదు రాసెయ్యలేదు. ఆమెను పిలిపించి మాట్లాడాడు. ఆవేశంలో ఇస్తున్నావేమో, తర్వాత బాధపడతావేమో ఆలోచించుకోమన్నాడు. బాగా ఆలోచించి, ప్రభువు మీద ప్రేమతోనే ఇస్తోందని నమ్మకం కుదిరిన తర్వాతే తీసుకున్నాడు.

ఇచ్చినవారి హృదయాన్ని కూడా కాపాడాలనుకున్న సేవకుడు ఆయన. అలాగే లెక్క విషయంలోనూ అంతే నిక్కచ్చిగా ఉండేవాడు. వచ్చింది ఒక్క ఫార్దింగు నాణెమైనా, వేల పౌండ్లయినా, పాత చెంచా అయినా పుస్తకంలో రాయవలసిందే, ఇచ్చినవారికి రసీదు పంపవలసిందే. ఏటా ప్రచురించే నివేదికలో లెక్కంతా ఉండేది, దాతల పేర్లు మాత్రం ఉండేవి కావు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 6:3) దాతకు. మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండేలా జాగ్రత్తపడాలని పౌలు చెప్పిన మాట (2 కొరింథీ 8:20, 21) ఆ కానుకను వాడేవారికి. ఇచ్చేవాడి పేరు దాగి ఉండాలి, ఇచ్చిన సొమ్ము లెక్క వెలుగులో ఉండాలి. మనలో కొన్నిచోట్ల ఇది తలకిందులైంది. పేర్లేమో ఫ్లెక్సీల మీద, లెక్కలేమో చీకట్లో.

ముల్లర్ తన అవసరం ఎవరికీ చెప్పలేదంటే, ఆకాశం నుంచి మన్నా కురిసిందని కాదు అర్థం. ఆయన ప్రార్థనకు జవాబు ప్రతిసారీ ఎవరో ఒకరి సంచిలోంచే వచ్చింది. దేవుడు ఒకరి హృదయాన్ని తట్టాడు, వారు లేచారు, ఇచ్చారు. ఆ రోజు వారు లేవకపోతే? ఈ రోజు ఎక్కడో ఒక బిడ్డ చేస్తున్న ప్రార్థనకు జవాబు మన జేబులో ఉందేమో!

పేదలను స్థాయికి మించి పెంచుతున్నాడని నింద

1849లో ఆష్లీ డౌన్ అనే మిట్టమీద 300 మంది పిల్లల కోసం మొదటి పెద్ద గృహం లేచింది. 1870 నాటికి అయిదు గృహాలు పూర్తయ్యాయి. 2,050 మంది పిల్లలకు చోటు ఏర్పడింది. వాటి నిర్మాణానికే లక్ష పౌండ్లకు పైగా ఖర్చయింది. ఒక్క పౌండు కూడా అప్పు చెయ్యలేదు. 1898లో తన 92వ ఏట ముల్లర్ మరణించే నాటికి ఆయన సంరక్షణలో పెరిగిన అనాథల సంఖ్య 10,024.

అయితే ఆనాటివారిని ఆశ్చర్యపరచింది ఆ సంఖ్య కాదు, ఆ పిల్లలకు దొరికిన చదువు. ప్రాథమిక విద్యను దేశమంతటా విస్తరించే చట్టం ఇంగ్లండులో 1870లో గాని రాలేదు. అప్పటికే ముల్లర్ గృహాల్లో పిల్లలు క్రమంగా చదువుకుంటున్నారు. బోధన స్థాయి తగ్గకుండా చూడడానికి ఆయన ప్రత్యేకంగా ఒక తనిఖీ అధికారిని కూడా నియమించాడు. పిల్లలను తొందరగా పనిలో పెట్టెయ్యలేదు. మగపిల్లలను పద్నాలుగేళ్ల వరకు, ఆడపిల్లలను పదిహేడేళ్ల వరకు ఉంచి, ఆపైన ఒక వృత్తిలోనో ఉద్యోగంలోనో కుదిర్చి పంపేవారు. వెళ్లేటప్పుడు ప్రతి బిడ్డ చేతిలో ఒక బైబిలు, ఒక రేకుపెట్టె, అందులో రెండు జతల బట్టలు ఉండేవి.

ఇది కొందరికి రుచించలేదు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు, గనులకు చౌకగా కూలీలు దొరకడం లేదన్నారు. బీదలను వాళ్ల స్థాయికి మించి పెంచుతున్నాడని నిందించారు. ఆ నింద ఎంత గొప్ప సాక్ష్యమో చూడండి! అనాథకు అన్నం పెడితే లోకం మెచ్చుకుంటుంది. ఆ అనాథ చదువుకుని మన పిల్లల పక్కన కుర్చీలో కూర్చుంటేనే లోకానికి కష్టంగా ఉంటుంది. బీదవానిని పెంటకుప్ప మీది నుంచి లేవనెత్తి అధికారులతో కూర్చోబెట్టే దేవుణ్ని (కీర్తన 113:7, 8) ఆరాధించేవారికి మాత్రం అది కష్టంగా ఉండకూడదు.

అనాథ గృహాలతో ఆగకుండా, ముల్లర్ స్థాపించిన సంస్థ 117 పాఠశాలలను నడిపించింది. 1,20,000 మందికి పైగా వాటిలో క్రైస్తవ విద్య పొందారు. ఆష్లీ డౌన్ భవనాల్లో తర్వాతి కాలంలో కళాశాల నడిచింది. అనాథల కోసం కట్టిన గోడలు చివరికి కూడా చదువుకే ఉపయోగపడ్డాయి.

గోదావరికి, కేడ్‌గావ్‌కు

ముల్లర్ భార్య మేరీ సోదరుడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. దంతవైద్యుడిగా మంచి సంపాదన ఉన్నా విడిచిపెట్టి మిషనరీ అయ్యాడు. ముల్లర్ విల్సన్ వీధిలో గృహం తెరచిన 1836లోనే గ్రోవ్స్ తనతో పాటు మరికొందరిని మన దేశానికి వెంటబెట్టుకొచ్చాడు. వారిలో విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు మన గోదావరి ప్రాంతానికి చేరుకున్నారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్ వారితోనే మొదలైంది. ఆ సంఘాల్లో పుట్టిపెరిగినవారికి ఈ పేర్లు కొత్తేమీ కావు.

మన దేశంలోనే ఇంకొక ఉదాహరణ పండిత రమాబాయి. 1858లో పుట్టిన ఆమె కరవు రోజుల్లో తల్లిదండ్రులను పోగొట్టుకుంది. ఆడపిల్లకు అక్షరం నిషేధమన్న కాలంలో తండ్రి ఆమెకు సంస్కృతం చెప్పించాడు. ఆ చదువే ఆమెను నిలబెట్టింది. దిక్కులేని యువతిగా కలకత్తా చేరిన ఆమెకు అక్కడి విద్వాంసులు ‘పండిత’ బిరుదు ఇచ్చారు. అనాథకు చదువు ఏం చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆమె జీవితమే పాఠం. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ స్థాపించింది. ముల్లర్ జీవితం చదివి, ఆయన నమ్మిన దేవుణ్నే నమ్మి, పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ ప్రారంభించింది. 1896-97 కరవులో దిక్కులేకుండా పోయిన బాలికలను వెదకి తెచ్చుకుంది. 1900 నాటికి అక్కడ వెయ్యి మందికి పైగా ఆశ్రయం పొందుతున్నారు. ఆ బాలికలు బడికి వెళ్లారు, నేత నేర్చుకున్నారు, అచ్చుపని నేర్చుకున్నారు. రమాబాయి మరాఠీలోకి అనువదించిన బైబిలును అచ్చువేసింది ముక్తిలో పెరిగిన ఆ చేతులే. ఒకనాడు రొట్టెముక్క కోసం చాచిన చేతులు జీవాహారాన్ని ఇతరులకు అందించాయి.

మొర్దెకై నేర్పే పాఠం

బైబిలులో ఎస్తేరు తల్లీదండ్రీ లేని పిల్ల (ఎస్తేరు 2:7). పినతండ్రి కుమారుడైన మొర్దెకై ఆమెను కుమార్తెగా పెంచుకున్నాడు. ఆమె రాజు కోటలోకి వెళ్లిన తర్వాత ‘నా బాధ్యత తీరింది’ అనుకోలేదు. ఆమె క్షేమం తెలుసుకోవడానికి రోజూ అంతఃపురం ముంగిట తిరుగుతుండేవాడు (ఎస్తేరు 2:11). కీలకమైన గడియ వచ్చినప్పుడు ధైర్యం చెప్పినవాడూ ఆయనే. ఒక అనాథ తన జనాంగాన్ని కాపాడిందంటే, ఆమె వెనుక రోజూ వాకిట తిరిగిన ఒక మనిషి ఉన్నాడు. మన దానాల్లో కొరవడింది ఆ ‘రోజూ’ అనే మాటే.

ధర్మశాస్త్రం కూడా ఇదే చెబుతుంది. పొలంలో మరచిపోయిన పనను తిరిగి తెచ్చుకోవద్దు, అది పరదేశికి, అనాథకు, విధవరాలికి ఉండాలని దేవుడు ఆజ్ఞాపించాడు (ద్వితీ. 24:19). ఏరుకునే బిడ్డ ఎవరి ముందూ వంగి దండం పెట్టనక్కర్లేదు. అది దేవుడు కేటాయించిన వాటా. కాబట్టి మనం ఇచ్చేది మన గొప్పతనం కాదు, వారి వాటాను వారికి అందించడమే.

మన సంఘం ఏం చెయ్యగలదు?

పౌలు కొరింథు సంఘానికి చెప్పిన పద్ధతి చాలా సులువు. ప్రతి ఆదివారం ఎవరి వర్ధిల్లత కొద్దీ వారు కొంత తీసి ఉంచాలి (1 కొరింథీ 16:2). యాభై కుటుంబాలున్న చిన్న సంఘం ఇంటికి నెలకు వంద రూపాయలు తీసి ఉంచితే నెలకు అయిదు వేలు, ఏడాదికి అరవై వేలు. గ్రామంలో ఇద్దరు ముగ్గురు అనాథ పిల్లల పుస్తకాలకు, బస్ పాస్‌కు, పరీక్ష ఫీజులకు అది అక్కరకొస్తుంది. పెద్ద దాత కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ముందుగా మన చుట్టూ చూడాలి. అనాథలంతా ఆశ్రమాల్లోనే ఉండరు. అమ్మమ్మ దగ్గరో, పెదనాన్న ఇంట్లోనో ఉండి, ఖర్చు భరించలేక బడి మానేసే పిల్లలు ఎందరో. వాళ్లను ఇల్లు విడిపించి ఎక్కడో చేర్పించడం కంటే, ఆ అమ్మమ్మకు చెయ్యూతనిచ్చి బిడ్డను ఆమె దగ్గరే ఉంచి చదివించడం మేలు. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకంలో, బంధువుల దగ్గర పెరుగుతున్న అర్హులైన అనాథలకు నెలకు రూ.4,000 సహాయం అందించే ఏర్పాటు ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. చదువురాని వృద్ధురాలికి ఆ ఫారం నింపిపెట్టి, ఆధార్, జనన, మరణ ధ్రువపత్రాలు సమకూర్చి, ఆఫీసుకు వెంట వెళ్లే యవ్వనస్థుడు సంఘంలో ఒక్కడుంటే చాలు. అదీ దానమే. డబ్బు లేనివారు కూడా చెయ్యగలిగిన దానం.

రెండవది, ఉన్న బడులను వాడుకోవాలి. విద్యాహక్కు చట్టం (2009) 6 నుంచి 14 ఏళ్ల వయసు పిల్లలకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. ప్రభుత్వ గురుకులాలున్నాయి, ఆడపిల్లలకు కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయాలున్నాయి. అసలు చిక్కు పద్నాలుగు దాటాకే వస్తుంది. తొమ్మిది, పది తరగతులు, ఇంటర్, పాలిటెక్నిక్, నర్సింగ్, డిగ్రీ. సరిగ్గా ఆ వయసులోనే చాలామంది దాతల ఆసక్తి తగ్గిపోతుంది. చిన్నపిల్లలు ముద్దుగా ఉంటారు, వాళ్లకు ఇవ్వడానికి అందరికీ ఇష్టమే. మీసాలు మొలిచిన కుర్రాడికి కాలేజీ ఫీజు కట్టడానికి ముందుకొచ్చేవారు తక్కువ. అతనికే ఆ అవసరం ఎక్కువ.

మూడవది, ఇచ్చేముందు విచారించాలి. పిల్లల గృహం ఏదైనా బాలల న్యాయ చట్టం (2015) కింద నమోదు కావలసిందే. నమోదు లేకుండా నడపడం నేరం. సంఘం పేరుతో నడిచినా ఇందులో మినహాయింపు లేదు. నమోదు పత్రం, వార్షిక లెక్కలు, బడి హాజరు అడగడం అవిశ్వాసం కాదు. ముల్లర్ అడగకముందే చూపించేవాడు. అలాగే సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు తెలిసేలా ఫొటోలు ప్రచురించడాన్ని ఆ చట్టమే నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచి, మన బిడ్డ ఒకరి ముందు చెయ్యి చాచి నిలబడిన ఫొటో లోకమంతా చూడడం మనకిష్టమేనా? దిక్కులేని బిడ్డ ఎవరైనా కంటబడితే సొంత నిర్ణయాలు తీసుకోకుండా 1098కు ఫోన్ చెయ్యాలి.

నాలుగవది, డబ్బుతో పాటు మనిషి వెళ్లాలి. సంఘంలో రిటైరైన టీచర్లు ఉన్నారు. వారానికి రెండు సాయంకాలాలు లెక్కలు, ఇంగ్లీషు చెప్పవచ్చు. బ్యాంకు ఉద్యోగులు ఖాతా తెరిపించవచ్చు. ఇంజనీరింగ్ చదివిన అన్నయ్య కౌన్సెలింగ్ రోజున పక్కన కూర్చోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండి గృహం విడిచిన పిల్లలకు క్రిస్మస్ నాడు ‘మా ఇంటికి రా’ అనే ఒక్క పిలుపు ఎంత విలువైనదో, ఆ రోజు వెళ్లడానికి ఇల్లు లేనివారికే తెలుస్తుంది.

ఇందులో ఏదీ బిడ్డను మన మతంలోకి లాక్కోవడానికి వేసే ఎర కాకూడదు. అనాథ ఏ ఇంట పుట్టినా మనం ఇచ్చేది ఒక్కటే కావాలి. ప్రేమకు ప్రతిఫలం అడిగితే అది బేరం అవుతుంది.

సోమవారం ఉదయం

పవిత్రమైన భక్తి అంటే ఏమిటో యాకోబు చెప్పాడు. ఇబ్బందిలో ఉన్న అనాథలను, విధవరాండ్రను పరామర్శించడం (యాకోబు 1:27). ఇబ్బంది పుట్టినరోజు చూసుకుని రాదు. అది జూన్‌లో బడి తెరిచినప్పుడు వస్తుంది, పరీక్ష ఫీజు గడువులో వస్తుంది, పద్దెనిమిదో ఏట వస్తుంది. పరామర్శ కూడా ఆ రోజుల్లోనే ఉండాలి.

ఫ్రాంకె ఇంటి పెట్టెలో నాణేలు వేసిన ఆ స్త్రీ, బ్రిస్టల్‌లో సూదిపట్టి బతికిన ఆ సోదరి, వీరెవరూ ధనవంతులు కారు. ప్రభువు వారి చేతుల్లో ఉన్నదాన్ని అడిగాడు, వారు ఇచ్చారు. ఈ వారం పుట్టినరోజు కేకు కొనేటప్పుడు కొనండి, పిల్లలతో కలిసి తినండి. కానీ వచ్చేటప్పుడు ఒక బిడ్డ పేరు, చదువుతున్న తరగతి రాసుకుని రండి. ఆ కాగితాన్ని బైబిలులో పెట్టుకోండి. రోజూ ఆ పేరు పెట్టి ప్రార్థించండి. సోమవారం ఉదయం ఆ బడికి ఒకసారి వెళ్లి రండి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేవాళ్లు లేని ఆ బిడ్డకు, తన కోసం కూడా ఒకరు వచ్చారని ఆ రోజు తెలుస్తుంది.